ఉత్తుత్తి రేవు

కెప్టెన్ యెర్కో గారికి పెద్ద ఓడ కావాలి. ఆ సంగతి మా ఓడల కంపెనీలో కాపలావాడి కుక్కకి కూడా తెలుసు. నూట యాభై కార్లు పట్టే కొత్త ఫెర్రీ కొని, జుకోవ ద్వీపం లైనులో తిప్పాలని ఆయన కోరిక. జుకోవ ఆయన పుట్టిన ద్వీపం. ముప్పై ఏళ్ళు ఓడలు నడిపి ఆ తర్వాత డైరెక్టరు కుర్చీ ఎక్కిన మనిషి. కుర్చీలో కూర్చున్నా చుక్కాని పట్టుకున్నట్టే మాట్లాడతారు.

అప్పు తెచ్చినా ఓడకి డబ్బు చాలదు. అందుకని చివరనున్న రెండు బుల్లి ద్వీపాలకి చలికాలంలో తిరిగే పాత పడవలు రెండూ అమ్మేయాలన్నది ఆయన లెక్క. ఆ రెండు చోట్లా కలిపి ఒక బస్సు నిండేంత జనం కూడా ఉండరు. బోర్డులో వాళ్ళ తరఫున మాట్లాడే నోరు లేదు. పడవ ఆగిపోతే నవంబరు నుంచి మార్చి దాకా వాళ్ళకి డాక్టరూ లేడు, మందులూ లేవు. నా మట్టుకు ఈ వ్యవహారమంతా ఆ రెండు పడవల గురించే.

నా పేరు వింకా. ఇదే కంపెనీలో, స్ప్లిట్ రేవుపట్నం ఆఫీసులో మోడళ్ళు చేయిస్తాను. చేయడం కాదు, చేయించడం. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి రేవు కడతాం. అందులో ఉత్తుత్తి ఓడలు, ఉత్తుత్తి కార్లు, కొండల మీంచి విరుచుకుపడే ఉత్తుత్తి బూరా గాలి. ఏదైనా మార్చాలనుకుంటే ముందు అక్కడ మార్చి, వెయ్యి వేసవికాలాలు నడిపి చూస్తాం. అసలు ఓడ కొని తప్పు తెలుసుకోవడం కంటే ఇది చాలా చవక. ఈ పనిలో నన్ను మించినవాళ్ళు ఈ తీరంలో లేరు. గొప్పలు చెప్పుకుంటోందనుకుంటారేమో. చెప్పుకుంటున్నాను మరి, ఉన్నవే కదా.

మార్చిలో బోర్డు ముందే కెప్టెన్ గారు నాకు పని అప్పజెప్పారు.

"ఓడ కావాలో వద్దో నీ మోడల్‌తో తేల్చెయ్యమ్మాయ్" అన్నారు. నాకు యాభై రెండేళ్ళు. ఆయనకి నేనింకా అమ్మాయినే.

"కావాలో వద్దో మోడల్ చెప్పదు కెప్టెన్ గారూ. జుకోవ రేవులో జనం ఎంతసేపు నిలబడుతున్నారో చెప్తుంది. ఎంతసేపు నిలబడితే మీరు ఓడ కొంటారో ముందు మీరు చెప్పాలి."

"ముందెందుకు? జవాబు రానీ, చూద్దాం."

"జవాబొచ్చాక మీరు గీత జరిపేస్తారు."

బోర్డు అధ్యక్షురాలు ఫిలోమెనా గారు నవ్వారు. ఆవిడ జడ్జిగా చేసి రిటైరైన మనిషి. సాక్షి నసిగితే ఆవిడకి భలే సరదా. "చెప్పవయ్యా యెర్కో, నీళ్ళు నమలకు" అన్నారు.

ఆయన మీసం దువ్వుకున్నారు. "సరే. జులై, ఆగస్టుల్లో సగటున రెండు గంటలు దాటితే కొంటాను. దాటకపోతే మళ్ళీ ఓడ మాట ఎత్తను."

ఏ పనైనా నేను ఇలాగే మొదలుపెడతాను. ఏ జవాబొస్తే ఏం చేస్తారో నలుగురి ముందూ చెప్పించాకే కంప్యూటరు తెరుస్తాను. దీనివల్ల నన్ను పెళ్ళిళ్ళకి పిలవని పెద్దమనుషులు కొందరున్నారు. పోనీలెండి.

నా దగ్గర ఇద్దరు పనిచేస్తారు. టోంకాది స్ప్లిట్. నోరు పెద్దది, బుర్ర అంతకంటే పెద్దది. ఓడలూ గాలీ ఆమె భాగం. దొమగోయ్ సముద్రం లేని జాగ్రెబ్ నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఎండలో ఎర్రబడతాడు, చొక్కా మాత్రం ఎప్పుడూ ఇస్త్రీదే. కార్లు ఎప్పుడొస్తాయి, ఎంతసేపు నిలబడతాయి అన్నది అతని భాగం. జుకోవ రేవులో నంబరు ప్లేట్లు చదివే కెమెరా ఒకటుంది. కారు లైన్లోకి వచ్చిన వేళా, ఓడెక్కిన వేళా రెండూ పట్టేస్తుంది. కిందటి వేసవి రికార్డు మొత్తం అతను మోడల్లోకి ఎక్కించాడు. కట్టినవాడు తన భాగాన్ని తాను పరీక్షించకూడదన్నది మా దగ్గర నియమం. అందుకని టోంకా పరీక్షించింది. మోడల్లో వేచి ఉన్న కాలం, కెమెరాలో వేచి ఉన్న కాలం పక్కపక్కన పెడితే గీత మీద గీత పడింది.

"అచ్చుగుద్దినట్టుంది వింకా గారూ" అన్నాడు దొమగోయ్. మురిసిపోతున్నాడు.

జవాబు నాలుగు గంటల ఇరవై నిమిషాలు.

అది విన్న కెప్టెన్ గారు నన్ను భుజాలు పట్టుకుని ఊపేశారు. తర్వాతి బుధవారానికే బోర్డు పిలిపించారు. పేపరు వాళ్ళకి కూడా ఫోన్లు వెళ్ళాయి. మోడల్ మరీ అంత అతికినట్టు సరిపోతే నాకు మనసులో ఏదో పీకుతూ ఉంటుంది. లోకం అంత బుద్ధిగా ఉండదు. కానీ ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. రెండు పడవలూ పోయినట్టేనని దిగులుపడ్డాను గానీ, జవాబు నచ్చలేదని మోడల్ని అనుమానిస్తే నాకూ కెప్టెన్ గారికీ తేడా ఏముంది?

మా దగ్గర ఇంకో అలవాటుంది. బోర్డుకి వెళ్ళే ముందు శుక్రవారం, పది గంటల తిండివేళ ముగ్గురం పెద్ద తెర ముందు కూర్చుంటాం. అంకెలన్నీ దాచేసి, ఉత్తుత్తి రేవులో ఒక రోజంతా సినిమాలా నడిపి చూస్తాం. ఎవరూ లెక్కల గురించి మాట్లాడకూడదు. తినడం, చూడడం, అంతే. ఆ శుక్రవారం టోంకా వేయించిన సార్డీను చేపలు తెచ్చింది.

తెర మీద ఆగస్టు ఆదివారం. పగలంతా బాగానే ఉంది. కార్లు రావడం, ఓడెక్కడం. సాయంత్రం ఆఖరి ఓడ వెళ్ళిపోయింది, రేవు ఖాళీ అయింది. ఇంతలో చిన్న చిన్న డబ్బాల్లాంటి కార్లు ఒక్కొక్కటే మళ్ళీ లైన్లోకి రావడం మొదలుపెట్టాయి. పది, ఇరవై, ముప్పై. మర్నాటి తెల్లవారి ఓడ దాకా కదలకుండా అక్కడే ఉన్నాయి.

"చూశారా, ఎంత డిమాండో!" అన్నాడు దొమగోయ్.

టోంకా చేతిలో సార్డీను నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఒరేయ్ జాగ్రెబ్ బాబూ, వీళ్ళంతా ఎక్కడున్నారు?"

"కార్లలో."

"రాత్రంతా?"

"కెమెరా అలాగే చెప్పింది. సాయంత్రం ఏడున్నరకి రాక, పొద్దున ఐదున్నరకి ఎక్కడం. కారుకి ఇద్దరు ముగ్గురు చొప్పున వేశాను. ఏం?"

"ఓరి నాయనో!" టోంకా పళ్ళెం పక్కన పెట్టేసి పొట్ట పట్టుకుంది. "అందుకేనా నీ మోడల్లో రేవుకి ఇంకో ఆరు మరుగుదొడ్లు కావాలని వచ్చింది!"

ఆ మరుగుదొడ్ల సంగతి వచ్చిన రోజు కూడా మేం నవ్వుకున్నాం. ఎందుకొచ్చిందని మాత్రం ఎవరమూ అడగలేదు.

సంగతేమిటంటే, జుకోవలో పొద్దున్నే మొదటి ఓడకి వెళ్ళాల్సినవాళ్ళు ముందురోజు సాయంత్రమే కారు తెచ్చి లైన్లో పెట్టేస్తారు. తాళంచెవి కారులోనే వదిలేసి, నడుచుకుంటూ ఇంటికి పోయి, భోంచేసి నిద్రపోతారు. తెల్లారుజామున కాఫీ తాగి తీరిగ్గా వస్తారు. ఈలోగా లైను జరపాల్సి వస్తే రేవు మనిషి ఎవరో ఒకరు జరుపుతారు. మా తీరమంతా ఇదే తంతు. నాకు తెలుసు. టోంకాకి తెలుసు. కెమెరా చూసేది కారునే గానీ మనిషిని కాదు. మేం పరీక్షించింది ఆ కెమెరా అంకెల్ని ఆ కెమెరా అంకెలతోనే. అతకకేం చేస్తుంది? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నాకు ఒళ్ళు మండింది, నా మీద నాకే.

దొమగోయ్ మొహం పాలిపోయింది. "నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు.

"ఇంటికొచ్చినవాడికి మన గుమ్మం ఎత్తెంతో ఎవరు చెప్తారు నాన్నా? మనం రోజూ వంగే వెళ్తాం. కొత్తవాడి తలకి తగిలాకే అందరికీ గుర్తొచ్చేది" అన్నాను.

"నేను రాజీనామా ఇచ్చేస్తాను."

"నోర్ముయ్. కట్టింది నువ్వు, పరీక్షించింది టోంకా, సరేనన్నది నేను. ఇస్తే ముగ్గురం ఇవ్వాలి. అప్పుడు మోడల్ని ఎవరు బాగుచేస్తారు, మీ అమ్మమ్మా?"

అతను నవ్వలేదు. అయినా కుర్చీలోంచి లేవలేదు, నాకది చాలు. ఇద్దరి పనులూ తారుమారు చేశాను. కార్ల భాగం ఇప్పుడు టోంకా కట్టాలి, దొమగోయ్ దాన్ని విరగ్గొట్టడానికి చూడాలి. రేవులో మామూలు కెమెరాల రికార్డులు కూడా ఉన్నాయి. శనాదివారాలు ముగ్గురం వాటి ముందు కూర్చుని, మనుషులు కార్ల దగ్గరికి అసలు ఎప్పుడొస్తున్నారో చూశాం. దొమగోయ్ పట్టిన పీడలా తయారయ్యాడు. "ఈ ముసలావిడ ఐదుకే వచ్చింది, మీరు ఐదుంపావు వేశారు" అంటూ టోంకా ప్రాణం తోడేశాడు. అలా తోడేసేవాడే నాకు కావాలి.

ఆ రికార్డుల్లోనే నాకింకో సంగతి కూడా కనిపించింది. దాన్ని పక్కన పెట్టుకున్నాను.

సోమవారం కెప్టెన్ గారి గదికి వెళ్ళాను. చెప్పకుండా బోర్డులో పేల్చడం నా పద్ధతి కాదు. ఆయన ఎండు అంజీరాల పళ్ళెం నా వైపు జరిపారు.

"పాత జవాబు తప్పు కెప్టెన్ గారూ. కొత్తది ముప్పై ఎనిమిది నిమిషాలు. అరగంటకి తగ్గదు, యాభై నిమిషాలు దాటదు."

ఆయన అంజీరం నములుతూ ఆగిపోయారు. "నాలుగ్గంటలు ముప్పై ఎనిమిది నిమిషాలైందా? ఇదేమన్నా ఉన్ని స్వెట్టరా, ఉతకగానే ఇంత కుంచించుకుపోడానికి?"

"ఎందుకో చూపిస్తాను. పది నిమిషాలు తెర ముందు కూర్చోండి."

"చూడను. నాలుగ్గంటలని చెప్పింది నీ మోడలే. ముప్పై ఎనిమిదనేదీ నీ మోడలే. ఏది నమ్మాలో డైరెక్టరు చూసుకుంటాడు. బుధవారం నేను మొదటిదే చెప్తాను."

"చెప్పండి. నేను రెండోది చెప్తాను."

"చెప్తే నీ ముగ్గురి దుకాణం మూసేస్తా. బయటి కన్సల్టెంట్లు ఎంతమంది క్యూలో ఉన్నారో తెలుసా?"

"వాళ్ళు కూడా కారు పెట్టేసి ఇంటికెళ్ళిపోయారేమో కనుక్కోండి" అని లేచి వచ్చేశాను. ఆ మాట ఆయనకి అప్పుడు అర్థం కాలేదు. మెట్లు దిగేటప్పుడు నాకు భయమేసిన మాట నిజమే. దుకాణం పోతుందని కాదు. నా చేతుల మీదుగా వెళ్ళిన తప్పుడు అంకె ఆ రెండు పడవల్ని అమ్మిస్తుందేమోనని.

బుధవారం బోర్డు గదిలో కెప్టెన్ గారు లేచి నిలబడి, గొంతు సవరించుకుని, నాలుగు గంటల ఇరవై నిమిషాలని చెప్పి కూర్చున్నారు. చప్పట్లు కొట్టబోతున్నవాళ్ళని ఆపి నేను లేచాను.

"ఆ అంకె మా గ్రూపుదే. తప్పు. ఎలా తప్పో చూపిస్తాను" అని తెర మీద ఒక బొమ్మ పెట్టాను. జుకోవ రేవు, ఆగస్టు సాయంత్రం, లైన్లో అన్నిటికంటే ముందు ఆవపిండి రంగు పాత వ్యాను. వెనక తలుపుకి సొట్ట. ఆ వ్యాను ఎవరిదో గదిలో తెలియనివాళ్ళు లేరు.

"కెప్టెన్ గారూ, ఈ వ్యాను ఇక్కడ పెట్టింది మీరేనా?"

"నేనే. అయితే?"

"సాయంత్రం ఏడున్నరకి పెట్టారు. పొద్దున ఐదున్నరకి ఓడెక్కింది. అన్ని గంటలూ అందులోనే కూర్చున్నారా?"

"నీకేమైనా పిచ్చా? ఇంటికెళ్ళి పడుకున్నా. అక్కడ అందరూ చేసేది అదే క..." ఆయన నోరు అలాగే ఉండిపోయింది.

ఎవరో కప్పులో చెంచా తిప్పడం ఆపేశారు.

"మా మొదటి మోడల్ మిమ్మల్ని రాత్రంతా ఆ వ్యానులో కూర్చోబెట్టింది. మీతోపాటు మీ ఊరినంతా కూర్చోబెట్టింది. ఆ నాలుగ్గంటలు కార్లు నిలబడినవి. మనుషులు నిలబడింది ముప్పై ఎనిమిది నిమిషాలు."

"పాపం యెర్కో! రాత్రంతా, మరుగుదొడ్డి కూడా లేకుండా!" అన్నారు ఫిలోమెనా గారు. గదంతా గొల్లుమంది. గోడవారగా కూర్చున్న టోంకా దగ్గు నటించింది. దొమగోయ్ మాత్రం కెప్టెన్ గారి వైపే చూస్తున్నాడు, భయంగా.

కెప్టెన్ గారు ఎర్రబడ్డారు. కానీ ముప్పై ఏళ్ళు తుఫానుల్లో తిరిగిన మనిషి, ఒక్క అలకి బోల్తాపడరు. "సగటు ఎవడిక్కావాలి? ఆగస్టు శనివారాల సంగతేంటి?" అన్నారు.

మంచి ప్రశ్న. ఆయనంటే నాకు గౌరవం ఎందుకో అలాంటప్పుడే గుర్తొస్తుంది. "శనివారాలు రెండున్నర గంటలు. అది నిజం, నేను దాచను. ఉన్న ఓడతోనే తెల్లవారుజామున ఇంకో ట్రిప్పు వేస్తే అది గంటకి దిగుతుంది. మొదటి ఓడకి చోటు ముందే బుక్ చేసుకోనిస్తే, రాత్రి కారు నిలబెట్టే పనే ఉండదు. ఈ మాటకి నేను పూచీ."

"తప్పయితే?"

"వచ్చే ఆగస్టులో మీ రేవులో మీ పక్కన నిలబడి తిట్లు తింటాను."

ఫిలోమెనా గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. కోర్టులో తీర్పుకి ముందు కూడా అలాగే పెట్టేవారట. "మార్చిలో మా అందరి ముందూ ఏమన్నావు యెర్కో?"

ఆయన కిటికీలోంచి రేవు వైపు చూశారు. కొత్త ఓడ వచ్చి ఆగే చోటు అక్కడ ఎప్పుడో ఊహించి పెట్టుకుని ఉంటారు. నాకు జాలేసింది.

"రెండు గంటలన్నాను."

"మరి?"

"మరేముంది. ఓడ మాట ఎత్తను." ఆయన కాగితాలు సర్దుకున్నారు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "శనివారం నాతో జుకోవ రా అమ్మాయ్. కిందటేడు రోకు దేవుడి పండగ రోజు, చర్చి మెట్ల మీద నిలబడి మా ఊరివాళ్ళకి ఓడ తెస్తానని మాటిచ్చాను" అన్నారు. మా ముగ్గురి దుకాణం గురించి ఏమీ అనలేదు. దొమగోయ్ ఊపిరి వదలడం నాకు ఇవతలికి వినబడింది.

శనివారం ఓడ పైఅంతస్తులో ఇద్దరం నిలబడ్డాం. గాలి బాగా వీస్తోంది. ఆయన టోపీ చేత్తో పట్టుకున్నారు. జుకోవ చర్చి గోపురం కనిపించాక అన్నారు.

"మోడల్ వద్దందని చెప్తాను. కంప్యూటరు ముందు మనమెంత!"

"మోడల్ వద్దనలేదు కెప్టెన్ గారూ. ముప్పై ఎనిమిది నిమిషాలంది. వద్దన్నది మీరు."

"వాళ్ళు నన్ను పచ్చిగా తింటారు వింకా." ఆయన నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి.

"తింటారు. అడిగితే లెక్కంతా నేను చెప్తాను. నా మాట నేను చెప్తా, మీ మాట మీరు చెప్పండి."

ఓడ రేవుకి తగిలింది.

కబురు ముందే చేరినట్టుంది, రేవులో నలభై యాభై మంది ఉన్నారు. కాఫీ హోటలు ముందు కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఊతకర్ర పట్టుకున్న ఒక ముసలాయన అందరికంటే ముందుకొచ్చాడు. "ఏరా యెర్కో, మా ఓడేదిరా?"

"రాదు బాబాయ్."

"ఎందుకు రాదు? ఎవడొద్దన్నాడు? ఆ స్ప్లిట్ దొరలా?"

కెప్టెన్ గారు టోపీ తీశారు. నేను ఫైలు తెరిచి సిద్ధంగా ఉన్నాను, ముప్పై ఎనిమిది నిమిషాలు నాలుక చివరే ఉన్నాయి. ఇప్పుడు నా వైపు చెయ్యి చూపిస్తారని అనుకున్నాను. ఆ స్థానంలో ఉన్న ప్రతి డైరెక్టరూ చేసే పని అదే.

"నేనే వద్దన్నాను బాబాయ్. అది కొనాలంటే అవతలి ద్వీపాల పడవలు రెండూ అమ్మాలి. మనం సాయంత్రం కారు ఇక్కడ పారేసి ఇంటికెళ్ళి దుప్పటి ముసుగేస్తాం. జనవరిలో వాళ్ళకి డాక్టరు కావాలంటే ఈదాలి. తిట్టండి, నన్నే తిట్టండి."

తిట్టారు. మా తీరం మనుషులు తిట్టడం మొదలుపెడితే దేవుళ్ళు కూడా చెవులు మూసుకుంటారు. నన్ను ఎవరూ ఒక్క అంకె కూడా అడగలేదు. ఆయన టోపీ చేతిలో పట్టుకుని, ఆ తిట్లన్నీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డారు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.